తిరుపతిలో చిన్న అంగడి, దాంతోపాటు సంసారం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది తిరుపతిలో చిన్న టిఫిన్ సెంటరు. పన్నెండేళ్ళుగా నేను, మా ఆయన కలిసి నడుపుతున్నాం. కొత్తగా అంగడి పెట్టాలనుకునే చుట్టాలు, వీధిలోవాళ్ళు, మా దగ్గర పనిచేసి వెళ్ళిన పిల్లలు వచ్చి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. చట్నీ తాలింపు పెడుతూ సగం సగం చెప్పడం కంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఉదాహరణలు టిఫిన్ సెంటరువే అయినా ఫ్యాన్సీ స్టోరుకూ, టైలరు షాపుకూ చాలావరకు పనికొస్తాయి. మీకు ఏ సందేహం ఉంటే నేరుగా దానికే వెళ్ళి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

యాత్రికులు తిరిగే చోట పెడితే మంచిదా, కాలనీలో పెడితే మంచిదా?

అవి రెండూ వేరువేరు వ్యాపారాలు. బస్టాండు, రైల్వే స్టేషను, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల అద్దెలు ఎక్కువ, కానీ తెల్లారకముందే బేరం మొదలవుతుంది. అక్కడ తిన్న మనిషి మళ్ళీ ఏ ఏడాదికో వస్తాడు. కాబట్టి బోర్డు కనబడాలి, ముందుభాగం శుభ్రంగా ఉండాలి, ప్లేటు తొందరగా రావాలి, తమిళం, కన్నడం, హిందీ నాలుగు ముక్కలు నోటికి రావాలి. కొర్లగుంట, బైరాగిపట్టెడ, ఎం.ఆర్.పల్లె లాంటి చోట్ల అద్దె కాస్త తక్కువ. బేరం మెల్లగా పుంజుకుంటుంది, కానీ వచ్చినవాళ్ళే మళ్ళీ వస్తారు. ఒకరోజు సాంబారు పలచబడితే మరుసటి రోజు మొహం మీదే అడుగుతారు.

కరోనా వల్ల 2020 మార్చి 20న కొండమీద దర్శనాలు ఆగిపోయాయి. మామూలు భక్తులకు మళ్ళీ జూన్ 11న మొదలయ్యాయి. ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు జనం పలచగానే వచ్చారు. యాత్రికుల మీదే బతికే అంగళ్ళలో కొన్ని ఆ దెబ్బకు మళ్ళీ షట్టరు ఎత్తలేదు. కాలనీల్లో ఉన్నవాళ్ళం పార్సిళ్ళు కట్టుకుంటూ ఎలాగో గట్టెక్కాం. అందుకే నా సలహా: ఏడాది అద్దెకు సరిపడా డబ్బు పక్కన లేకపోతే మొదటి అంగడి కాలనీలోనే పెట్టండి. ఇంటినుంచి నడిచిపోయేంత దూరమైతే ఇంకా మంచిది, మధ్యాహ్నం గంటసేపు నడుం వాల్చొచ్చు. మొదటి ఏడాది ఆ గంట అక్కర్లేదనిపిస్తుంది. మూడో ఏడాదికి దాని విలువ తెలుస్తుంది.

అద్దెకు అంగడి చూసేటప్పుడు ఏం గమనించాలి?

ముందు పక్క అంగడివాళ్ళను ఒక్క ప్రశ్న అడగండి: 2021 నవంబరు వానలకు నీళ్ళు ఎంతవరకు వచ్చాయి? అప్పుడు ఊళ్ళో పల్లపు వీధులన్నీ మునిగాయి. గోడమీద ఆ గీత ఇంకా కనిపించే అంగళ్ళున్నాయి. నీళ్ళు వచ్చిన చోటైతే సరుకంతా అడుగున్నర ఎత్తు అరుగుమీద పెట్టుకునే వీలుందో లేదో చూడండి.

తర్వాత కరెంటు మీటరు. అది ఇంటి మీటరా, కమర్షియల్ మీటరా, పాత బకాయి ఏమైనా ఉందా అని బిల్లు తెప్పించి చూడండి. మోరీ ఎటు పోతుందో, నీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయో కనుక్కోండి. అగ్రిమెంటు మామూలుగా పదకొండు నెలలకు రాస్తారు, ఎందుకంటే ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి. పదకొండు నెలలకే రాసుకున్నా, అద్దె ఏటా ఎంత పెరుగుతుంది, అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారు, ఖాళీ చేయమనాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి అనే మూడూ కాగితం మీద ఉండాలి. మేము మొదటి అంగడికి నోటిమాట మీద వెళ్ళాం. బేరం పుంజుకున్న ఏడాదే ఓనరు అద్దె ఒక్కసారిగా పెంచేశాడు. చూపించడానికి మా దగ్గర కాగితమే లేదు.

చేతిలో ఎంత ఉంటే ధైర్యంగా మొదలుపెట్టొచ్చు?

అడ్వాన్సు, పొయ్యిలు, గ్రైండరు, బల్లలు అన్నీ కొన్నాక ఇంకా ఆరు నెలల అద్దె, జీతాలు, మీ ఇంటి ఖర్చు మిగలాలి. అంత లేకపోతే సామాను సెకండ్ హ్యాండులో కొని అంగడి చిన్నది చూసుకోండి. బంగారం మొత్తం ఒకేసారి కుదువ పెట్టొద్దు. ఇంట్లో కొంత ఉందంటే రాత్రి నిద్ర పడుతుంది.

లైసెన్సులు ఏమేం కావాలి? అన్నీ ఏజెంటు చూసుకుంటానంటున్నాడు.

తిండి అమ్మేవాళ్ళకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) అనుమతి తప్పనిసరి. చిన్న వ్యాపారులకు రిజిస్ట్రేషన్ సరిపోతుంది, దాని ఫీజు ఏడాదికి 100 రూపాయలు. వచ్చే 14 అంకెల నంబరు అంగట్లో కనబడేలా పెట్టాలి. ఇవి కాక నగరపాలక సంస్థ నుంచి ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో షాపు రిజిస్ట్రేషన్ ఉండాలి. చిన్న వ్యాపారమని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఫోన్లోనే అవుతుంది, పైసా కట్టక్కర్లేదు. దానికి డబ్బడిగే ఏజెంటు మిగతావాటికి ఎంత కలుపుకుంటాడో ఆలోచించండి. ఏజెంటుతో చేయించుకున్నా తప్పులేదు కానీ ఫోను నంబరు, పాస్‌వర్డు మీవే ఇవ్వండి. రెన్యువల్ మెసేజీ అతనికి పోతే మీకు గడువు తెలియదు.

గ్యాసు విషయం: అంగట్లో వాడాల్సింది 19 కేజీల కమర్షియల్ సిలిండరు. ఇంటి సిలిండరు పెట్టి దొరికితే కేసు.

ముద్రా లోను వస్తుందా? ష్యూరిటీ లేకుండా ఇస్తారా?

ముద్రా అంటే చిన్న వ్యాపారులకు లోనిచ్చే కేంద్ర పథకం, 2015లో వచ్చింది. శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు ఇస్తారు. తరుణ్ తీసుకుని సక్రమంగా కట్టినవాళ్ళకు 20 లక్షల దాకా కూడా ఉంది. పూచీకత్తు అడగకూడదన్నది పథకంలో ఉన్న మాటే. అయితే బ్యాంకువాళ్ళు మీ అకౌంటు నడక చూస్తారు. ఆరు నెలలుగా రోజువారీ బేరం అకౌంటులో పడుతూ ఉంటే మాట్లాడటం సులువు. తోపుడు బండివాళ్ళకైతే పీఎం స్వనిధి ఉంది: 2025 మార్పుల తర్వాత మొదట 15 వేలు, అది కట్టేస్తే 25 వేలు, ఆ తర్వాత 50 వేలు. ఆడవాళ్ళు మెప్మా (పట్టణ పొదుపు సంఘాల) గ్రూపులో ఉంటే ముందు అక్కడ అడగండి, వడ్డీ తేలిగ్గా ఉంటుంది.

కొండమీద అంగడి ఇప్పిస్తామని ఒకాయన అడ్వాన్సు అడుగుతున్నాడు.

ఇవ్వొద్దు. కొండమీద అంగళ్ళు టీటీడీ ఇవ్వాల్సిందే. మధ్యవర్తి ఇచ్చే రసీదుకు విలువ లేదు.

## మొదటి ఏడాది

ప్లేటు ఎంతకు అమ్మితే గిట్టుతుందో ఎలా తెలుస్తుంది?

పక్కవాడి ధర చూసి పెట్టడమే అందరం చేసే తప్పు. పక్కవాడికి సొంత అంగడి ఉండొచ్చు, మీకు అద్దె ఉండొచ్చు. ఒక నమూనా లెక్క వేస్తాను, మీ అంకెలు పెట్టి మార్చుకోండి.

ప్లేటు ఇడ్లీ 30 రూపాయలు అనుకుందాం. బియ్యం, ఉద్దిపప్పు, చట్నీ, సాంబారు కలిపి సరుకు 13. మిగిలేది 17. ఇప్పుడు నెల ఖర్చు: అద్దె 15,000, ఇద్దరి జీతాలు 32,000, గ్యాసు 12,000, కరెంటు 4,000. మొత్తం 63,000. నెలకు 26 రోజులు తెరిస్తే రోజుకు సుమారు 2,423. దాన్ని 17తో భాగిస్తే 143 ప్లేట్లు. అవి దాటితే లాభమని చాలామంది సంబరపడిపోతారు.

ఈ లెక్కలో తెల్లారి మూడున్నరకు లేచిన మీకు జీతం లేదు. భార్యాభర్తలకు కలిపి 24,000 వేసుకోండి. ఖర్చు 87,000 అవుతుంది, రోజుకు దాదాపు 200 ప్లేట్లు అమ్మాలి. 143కీ 200కీ మధ్య ఉన్న ఆ 57 ప్లేట్లే మీ కూలి. మేము మొదటి మూడేళ్ళు దాన్ని లాభం అనుకున్నాం, ఇంటికి ఎంత కావాలంటే అంత గల్లాలోంచి తీశాం. ఏడాది చివర చూస్తే సరుకు అంగడిలో అప్పు మిగిలింది. ఇప్పుడు ఒకటో తారీకున మా జీతం వేరే అకౌంటుకు పంపేసుకుంటాం. ఆ తర్వాత ఇంటికి ఎంత అవసరమొచ్చినా గల్లా ముట్టుకోం. బేరం తగ్గిన నెల ఆ జీతం తగ్గించుకున్నాం కానీ మానలేదు.

టమోటా రేటు పెరిగినప్పుడల్లా ధర పెంచాలా?

వద్దు. 2023 జూలైలో టమోటా కిలో వంద దాటింది. మదనపల్లె మార్కెట్టు ఇంత దగ్గరున్నా మనకేమీ చవగ్గా రాలేదు. అప్పుడు మేము టమోటా చట్నీ ఆపి చెనిక్కాయల ఊరిబిండి, అల్లం పచ్చడి పెట్టాం. ఊరిబిండి అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కొన్నాళ్ళుండి దిగిపోయే రేట్లకు వంట మార్చండి. గ్యాసు, జీతం, అద్దె లాంటివి పెరిగి మళ్ళీ తగ్గవు, వాటికి మాత్రం ధర మార్చండి, అదీ ఏడాదికి ఒక్కసారి. పెంచే వారం ముందే బోర్డు మీద రాయండి.

అప్పు పెట్టకపోతే తెలిసినవాళ్ళు రావడం మానేస్తారేమో?

కొందరు మానేస్తారు. అప్పు పేరుకుపోయినవాళ్ళు కూడా మానేస్తారు, మన డబ్బుతో సహా. మాకు ఇప్పుడు పదిమందికే ఖాతా ఉంది, అందరూ నెల జీతగాళ్ళు. మనిషికి హద్దు వెయ్యి రూపాయలు, ఐదో తారీకుకు తీరాలి. మిగతావాళ్ళు అడిగితే “పుస్తకం మా ఆయన దగ్గరుంది అన్నా” అంటాను. ఆయన్ని అడిగితే “మా ఆవిడ ఒప్పుకోదు” అంటాడు. పన్నెండేళ్ళుగా ఇది పనిచేస్తోంది.

ఫోన్లో డబ్బు పడినట్టు చూపించి వెళ్ళిపోతున్నారు. ఏం చేయాలి?

ఎదుటివాళ్ళ ఫోను చూడొద్దు. మన సౌండ్ బాక్సు పలకాలి, లేదా మన ఫోన్లో మెసేజీ రావాలి. రద్దీలో స్క్రీన్‌షాటు చూపించి పోయేవాళ్ళు ఉంటారు.

ఇంకో మాట. మోసంచేసి సంపాదించిన డబ్బులోంచి ఎవరైనా మనకు నలభై రూపాయలు పంపినా, విచారణలో మన అకౌంటు ఆగిపోయే అవకాశం ఉంది. అందుకని క్యూఆర్ ఉన్న అకౌంటులో రోజు బేరం మాత్రమే ఉంచండి, రాత్రికి మిగతాది వేరే బ్యాంకుకు మార్చండి. మీరే మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

జీఎస్టీ కట్టాలా?

హోటలు సేవ కిందికి వస్తుంది కాబట్టి ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ కావాలి. వారానికో సెలవు పోను రోజుకు సుమారు 6,400 అన్నమాట. సరుకులు మాత్రమే అమ్మే అంగళ్ళకు మన రాష్ట్రంలో ఆ హద్దు 40 లక్షలు. హద్దు దాటిన చిన్న హోటలుకు కాంపొజిషన్ పద్ధతి తేలిక: అమ్మకం మీద 5 శాతం మీరే కట్టాలి, బిల్లులో విడిగా వేయకూడదు. అకౌంటులో పడే ప్రతి రూపాయీ లెక్కలో ఉంటుందని గుర్తుంచుకోండి. చీటీ డబ్బు, చుట్టాల చేబదుళ్ళు అదే అకౌంటులో వేయించుకుని తర్వాత తలపట్టుకున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

రోజువారీ ఫైనాన్సు తీసుకుంటే తప్పేంటి? రోజుకు వందే కదా?

పదివేలు అంటారు, 1,500 ముందే పట్టుకుని చేతికి 8,500 ఇస్తారు. వంద రోజులు రోజుకు వంద కట్టాలి. వినడానికి నూటికి పదిహేను లాగుంటుంది. రోజూ అసలు కూడా తీరుస్తున్నాం కాబట్టి వంద రోజులూ ఆ 8,500 మన దగ్గర ఉండదు. సరిగ్గా లెక్కేస్తే నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ, ఏడాదికి నూటికి 120. మనూళ్ళో రెండు రూపాయల వడ్డీకే భయపడతాం, దీన్ని మాత్రం టీ ఖర్చులా కట్టేస్తాం. ఒకటి తీర్చడానికి ఇంకొకటి తీసుకున్న రోజు మన పతనం మొదలైనట్టే. సరుకు అంగడాయన్ని పదిరోజులు గడువడగడం నామోషీ అనిపించినా అదే చవక.

## నడుస్తున్న అంగడి

మాస్టరు చెప్పకుండా మానేస్తే అంగడి మూసుకోవాల్సిందేనా?

మాకు అదే జరిగింది. పెరటాసి నెల మూడో శనివారం, తమిళనాడు భక్తులతో ఊరు కిటకిటలాడే రోజు. దోశ మాస్టరు ముందురోజు రాత్రే ఇరవైవేల అడ్వాన్సుతో వెళ్ళిపోయాడు. ఆరోజు మా ఆయన పెనం ముందు నిలబడితే వచ్చినవన్నీ ఇండియా మ్యాపులే. అంగడి మూయలేదు కానీ దోశ తీసేసి ఇడ్లీ, పొంగలి, వడతోనే నడిపాం.

అప్పటినుంచి మూడు మార్పులు చేసుకున్నాం. ఇంట్లో ఒకరికి ప్రతి పనీ వచ్చి ఉండాలి, చక్కగా రాకపోయినా ఫర్వాలేదు. అడ్వాన్సు పదిహేను రోజుల జీతం మించి ఇవ్వం, ఆసుపత్రి ఖర్చయితే తప్ప. మూడోది, పనివాళ్ళకు కూడా వారానికి ఒకరోజు సెలవు. అది చట్టంలో ఉన్నదే, అయినా చాలా అంగళ్ళలో ఇవ్వరు. సెలవు మొదలుపెట్టాక చెప్పకుండా పోవడం బాగా తగ్గింది. ఇప్పుడున్న మాస్టరు ఊరికి వెళ్ళాలంటే నాలుగు రోజుల ముందే చెప్తాడు.

పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఎవరైనా పనికి తెచ్చి వదిలినా పెట్టుకోవద్దు. జాలి కాదు, నేరం.

బ్రహ్మోత్సవాలకు ఎంత సరుకు ఎత్తాలి?

కిందటి ఏడాది పుస్తకం చూసి. పుస్తకం లేకపోతే ఈ ఏడాది నుంచి రోజువారీ ప్లేట్ల సంఖ్య ఒక్కటైనా రాయండి. తొమ్మిది రోజులూ ఒకేలా ఉండవు, గరుడసేవ రోజు రద్దీ వేరు. అప్పుడు రోడ్లలో ట్రాఫిక్ మళ్ళింపులుంటే పాలు, గ్యాసు బండ్లు మీ వీధికి రాలేకపోవచ్చు, గ్యాసు రెండు రోజుల ముందే దించుకోండి. పప్పు, బియ్యం మిగిలినా నష్టం లేదు. ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు మాత్రం మూడు రోజులకు మించి వద్దు.

పార్సిలుకు ప్లాస్టిక్ కవర్లు వాడొచ్చా?

120 మైక్రాన్ల కంటే పలచటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. ప్లాస్టిక్ స్పూన్లు, ప్లేట్లు, గ్లాసులు అదే ఏడాది జూలై 1 నుంచే నిషేధం. అరిటాకు, పైన కాగితం మనకు అలవాటైనవే. గిన్నె తెచ్చుకున్నవాళ్ళకు మేము సాంబారు గరిటెడు ఎక్కువ పోస్తాం.

డెలివరీ యాప్‌లలో చేరాలా?

కమీషన్ పోగా ప్లేటుకు ఏమి మిగులుతుందో చూసుకుని చేరండి. 2022 జనవరి నుంచి ఆ ఆర్డర్ల జీఎస్టీ యాప్‌లే కడుతున్నాయి. మేము ఉదయం రద్దీలో ఆపేసి, పదిన్నర తర్వాతే ఆన్ చేస్తాం.

## ఇల్లు, ఒళ్ళు

రాత్రి ఎన్ని గంటలకు మూయాలి? జనం వస్తూనే ఉన్నారు.

ఈ ఊళ్ళో జనం ఆగరు. ఆఖరి బస్సు వెళ్ళాక కూడా ఇంకో రైలు వస్తుంది. కాబట్టి జనం తగ్గాక మూద్దాం అనుకుంటే ఎప్పటికీ మూయలేం. మూసే టైము ముందే నిర్ణయించుకుని పిండి కొలత దానికి సరిపెట్టండి. మేము ఉదయం ఐదు నుంచి పదకొండు, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది. ఎనిమిదిన్నరకు సగం షట్టరు దించేస్తాం. మొదట్లో పదకొండుదాకా ఉండేవాళ్ళం. తొమ్మిది తర్వాత అమ్మేది ఎంతో నెలపాటు రాసిచూస్తే, ఆ డబ్బు రాత్రి ఉండే పనివాడి కూలికి, కరెంటుకు సరిపోయింది. రెండు గంటలు ఊరికే నిలబడ్డాం.

వారానికో సెలవంటే నాలుగు రోజుల బేరం పోదా?

పోతుంది. నెల లెక్కను 26 రోజులకే వేసుకుంటే ఆ నష్టం ముందే లెక్కలో కలిసిపోతుంది. మాకు మంగళవారం సెలవు. శనివారం, ఆదివారం ఈ ఊళ్ళో సెలవు పెట్టడం కష్టం. సెలవురోజు గ్రైండరు బాగుచేయించడం, సరుకు తేవడం పెట్టుకోవద్దు, అది సెలవు కాదు.

భార్యాభర్తలం ఇద్దరం అంగట్లోనే. రోజూ గొడవలే అక్కా.

పని పంచుకోండి, పెత్తనం కూడా పంచుకోండి. మా ఇంట్లో వంట, పనివాళ్ళు నా మాట. సరుకు, డబ్బు, ఓనరు ఆయన మాట. ఒకరి విషయంలో ఇంకొకరు సలహా చెప్పొచ్చు, కస్టమర్ల ముందు మాత్రం చెప్పకూడదు. ఇంటికొచ్చాక అన్నం తినేవరకు అంగడి మాట ఎత్తం. ఈ రూలు రెండురోజులకోసారి తప్పుతూనే ఉంటాం, తప్పినప్పుడు మా అత్త కంచం మీద గరిటెతో కొడుతుంది.

ఊరంతా పండగైతే మనకు పని. పిల్లలకు ఏం సర్దిచెప్పాలి?

సర్దిచెప్పొద్దు, వాళ్ళకొక పండగ కేటాయించండి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, తిరుచానూరు పంచమి తీర్థం అన్నీ మాకు పనిరోజులే. మేలో వచ్చే గంగమ్మ జాతర మాత్రం పిల్లలది. చాటింపు వేశాక ఊరు విడిచిపోకూడదని మా అత్త పట్టు, కాబట్టి ఎలాగూ అందరం ఊళ్ళోనే ఉంటాం. ఆ వారంలో రెండు రోజులు సాయంత్రం అంగడి తెరవం. మావాడు ప్రతి ఏడాదీ వేషం కడతాడు. వేసవి రద్దీలో రెండు సాయంత్రాలు పోవడం చిన్న నష్టమేమీ కాదు, అయినా అదొక ఖర్చు అనుకుని బడ్జెట్టులోనే రాసుకుంటాం.

బడి అయ్యాక పిల్లల్ని అంగట్లో కూర్చోబెట్టొచ్చా?

గల్లా దగ్గర అరగంట కూర్చుంటే కూడికలు వస్తాయి. పదో తరగతి పిల్లను రాత్రి తొమ్మిదిదాకా కూర్చోబెడితే చదువు పోతుంది. హోంవర్కు అంగట్లో చేయించొద్దు, ప్రతి రెండు నిమిషాలకూ ఎవరో ఒకరు “ఏం చదువుతున్నావు పాపా” అని అడుగుతారు.

కాళ్ళు లాగేస్తున్నాయి, నిద్ర చాలడం లేదు.

పెనం ముందు గంటల తరబడి నిలబడితే కాళ్ళలో నరాలు ఉబ్బుతాయి. గంటకోసారి ఐదు నిమిషాలు కూర్చోండి, బండల నేలమీద మందపాటి రబ్బరు చాప వేసుకోండి. వాపు రాత్రి పడుకుని లేచేసరికి కూడా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఆ ఒక్కరోజు బేరం పోతుందని వాయిదా వేయొద్దు, నేను వేసి ఆర్నెల్లు బాధపడ్డాను. నిద్ర రాత్రి ఐదు గంటలే దొరికితే మధ్యాహ్నం గంటన్నర కలపండి, ఆ టైములో ఫోను సైలెంటులో ఉండాలి.

మనకు పీఎఫ్ లేదు, పెన్షన్ లేదు. ఏదైనా జరిగితే?

కనీసం రెండు చిన్న బీమాలు ఇవాళే తీసుకోండి. బ్యాంకు అకౌంటు నుంచి ఏడాదికి 436 రూపాయలు పోతే జీవన్ జ్యోతి కింద 2 లక్షల జీవిత బీమా, 20 రూపాయలు పోతే సురక్షా బీమా కింద ప్రమాదానికి 2 లక్షలు. మొదటిదానికి 18 నుంచి 50 ఏళ్ళలోపు చేరాలి, రెండోది 70 ఏళ్ళ వరకు. నామినీ పేరు రాశారో లేదో చూసుకోండి. చీటీ వేస్తే రిజిస్టరు అయిన కంపెనీలోనే వేయండి. తెలిసినావిడ చీటీ ఎంత నమ్మకమైనదైనా ఆమె ఊరు వదిలితే అడగడానికి మనకు కాగితం ఉండదు.

## పెంచాలా, ఆపాలా

బేరం బాగుంది, రెండో అంగడి పెట్టమంటున్నారు.

మీరు పది రోజులు ఊళ్ళో లేకపోయినా మొదటి అంగడి అదే రుచితో, అదే లెక్కతో నడిచిందా? నడిస్తే ఆలోచించండి. మేము ప్రయత్నించాం. నాలుగో రోజే ఫోన్ వచ్చింది, సాంబారులో చింతపండు ఎక్కువైందని. రెండో అంగడి ఆలోచన అక్కడితో ఆపేశాం. దానికి నాకేమీ బాధలేదు.

మూసేయాలని ఎప్పుడు అనుకోవాలి? ఎలా మూయాలి?

వరుసగా ఆరు నెలలు మీ జీతం తీసుకోలేకపోతే, పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేస్తుంటే కూర్చుని మాట్లాడుకునే టైమొచ్చింది. సిగ్గుపడి ఇంకో ఏడాది లాగితే అడ్వాన్సు కూడా అద్దెలో కరిగిపోతుంది. ఓనరుకు అగ్రిమెంటులో ఉన్న గడువు ప్రకారం కాగితం మీద చెప్పండి. పనివాళ్ళకు నెల ముందే చెప్పి లెక్క తేల్చండి. జీఎస్టీ ఉంటే రద్దుకు పెట్టండి, లేకపోతే అమ్మకం లేకున్నా రిటర్నులు అడుగుతూనే ఉంటారు. కరెంటు బిల్లు చివరి రసీదు దాచండి. సామాను ఒకేసారి పాతసామాన్ల వాడికి ఇవ్వకుండా గ్రైండరు, ఫ్రిజ్, పొయ్యిలు విడివిడిగా అమ్మితే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి. బాగా వాడి నున్నబడ్డ దోశ పెనానికి కొత్తదానికంటే గిరాకీ ఉంటుంది, దాన్ని తొందరపడి ఎవరికీ ఊరికే ఇచ్చేయొద్దు.